బుర్రకథ పితామహుడు షేక్ నాజర్

మా హాస్టల్లో అన్నం లైన్లో నిలబడినప్పుడు ఒకరినొకరు తిట్టుకునే మాటల్లో పింజారి అనేది ఒకటి. దాని అర్థం ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. చిల్లర మనిషి అనో, చిరిగిన గుడ్డలవాడు అనో అనుకునేవాళ్ళం. ఒకరోజు ఆ మాట మా తెలుగు సారు చెవిన పడింది. ఆయన కొట్టలేదు. ఆ మాటకు అర్థం చెప్పమని లైన్లో ఉన్న అందరినీ వరుసగా అడిగారు. ఒక్కరమూ చెప్పలేకపోయాము. దూది ఏకి, పరుపులు కుట్టి బతికే దూదేకుల వాళ్ళకే పింజారులని ఇంకో పేరు ఉందని, ఆ కులంలో పుట్టిన ఒకాయన పద్మశ్రీ అందుకున్నారని, తన జీవితకథకు పింజారి అనే పేరే పెట్టుకున్నారని సారు చెప్పారు. ఆయనే బుర్రకథ నాజర్ గారు. మా నోట్లో తిట్టుగా ఉన్న మాట ఒక పుస్తకం అట్ట మీద పేరుగా ఉందంటే మాకు నమ్మబుద్ధి కాలేదు. మా హాస్టల్లో కూడా దూదేకుల పిల్లలు ఉన్నారు. ఆ మాట వినపడినప్పుడల్లా వాళ్ళు తల దించుకుంటారని ఆ రోజే గమనించాము.

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమన్నప్పుడు మేము నాజర్ గారిని ఎంచుకోవడానికి కారణం ఇదే. గాంధీ గారి గురించి, అంబేద్కర్ గారి గురించి ఏటా రాస్తూనే ఉన్నాము. నాజర్ గారి గురించి మన సంచికలో ఎవరూ రాయలేదు.

షేక్ నాజర్ గారు 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా తాడికొండ దగ్గర పొన్నెకల్లు గ్రామంలో జన్మించారు. తండ్రి మస్తాన్, తల్లి బీనాబీ. దూదేకుల వాళ్ళు మసీదుకు పోతారు, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడతారు. విల్లులాంటి పనిముట్టుకు బిగించిన నారిని కొడుతూ దూదిని ఏకడం వాళ్ళ కులవృత్తి. దూది ఏకేటప్పుడు ఆ నారి నుంచి ఒక రకమైన మోత వస్తుంది. సంగీతం కూడా ఆ కులంలో ఉన్నదే. మన మదనపల్లె, పుంగనూరు వైపు పెళ్ళిళ్ళలో, గుడి ఉత్సవాల్లో నాదస్వరం ఊదేవాళ్ళలో చాలామంది దూదేకుల వాళ్ళే. దేవుడు ఊరేగేటప్పుడు ముందు నడిచే మేళం వాళ్ళది. ఆ మేళం విన్నవాళ్ళే మరుసటి రోజు ఆ కులం పేరును తిట్టుగా వాడతారు. ఇది మాకు ఇప్పటికీ అర్థం కాని విషయం.

నాజర్ గారి ఇంట్లో పేదరికం ఎక్కువ. చిన్న వయసులోనే ఇతరుల ఇళ్ళలో పనులు చేశారు. తర్వాత దర్జీ పని కూడా చేశారు. పెద్ద చదువులు చదవలేదు. ఆయనకు ఉన్నదల్లా గొంతు. ఆ రోజుల్లో పల్లెల్లో పద్యనాటకాల మోజు ఎక్కువ. పద్యం బాగా పాడే పిల్లవాడు ఊళ్ళో ఉంటే వాడికి వేషం దొరికేది. నాజర్ గారు అలా పిల్లల నాటకాల్లో చేరారు. గొంతు మెత్తగా ఉన్న వయసులో ఆడవేషాలు కూడా కట్టారు. హార్మోనిస్టు ఖాదర్ గారి దగ్గర పాట సాధన చేశారు. తర్వాత నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. కూలికి పోతే ఆ పూట గడిచే ఇంట్లో పుట్టిన కుర్రవాడు పని మానుకొని సరిగమలు నేర్చుకోవడానికి వేరే ఊరు పోవడం చిన్న సంగతి కాదు. ఇల్లు వదిలి హాస్టల్లో ఉండే మాకు అది కొంచెం తెలుసు.

ఇక్కడ బుర్రకథ అంటే ఏమిటో చెప్పుకోవాలి. ఎందుకంటే మాలో సగం మంది దాన్ని సినిమాలో తప్ప చూడలేదు.

బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడుమ కథకుడు, రెండు పక్కల ఇద్దరు వంతలు. కథకుడి భుజం మీద తంబుర ఉంటుంది. పూర్వం దాన్ని ఎండిన సొరకాయ బుర్రతో చేసేవాళ్ళు, అందుకే బుర్రకథ అనే పేరు వచ్చిందంటారు. కథకుడి చేతి వేళ్ళకు అందెలు ఉంటాయి. లోపల చిన్న గుండ్లు పోసిన లోహపు కడియాలు అవి. ఒకదానితో ఒకటి తగిలించి తాళం వేస్తాడు. కాళ్ళకు గజ్జెలు. వంతల చేతుల్లో డక్కీలు ఉంటాయి, వాటినే కొన్ని చోట్ల గుమ్మెటలు అంటారు. కథకుడు ఒక చరణం పాడి ముందుకు నడుస్తాడు, వెనక్కు వస్తాడు, గిరుక్కున తిరుగుతాడు. వంతలు పల్లవి అందుకుంటారు. ఒక వంత హాస్యం చెబుతాడు, ఇంకో వంత ఆనాటి రాజకీయం చెబుతాడు. కథ పాతదే అయినా మధ్యలో ఈనాటి సంగతి వస్తుంది. బొబ్బిలి కోట గురించి చెబుతూ చెబుతూ రేషన్ బియ్యం గురించి కూడా ఒక మాట పడుతుంది. జనం నవ్వుతారు. నవ్వు అయిపోకముందే కథకుడు మళ్ళీ కోటలోకి తీసుకుపోతాడు.

ఈ కళ నాజర్ గారితో మొదలు కాలేదు. ఆయనకు ఎంతో ముందు నుంచి జంగాలు ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళు. భర్త తంబుర పట్టుకొని కథ చెబితే ఆడవాళ్ళు పక్కన గుమ్మెట వాయిస్తూ వంత పాడేవాళ్ళు. కోస్తాలో దీన్ని జంగం కథ అన్నారు. మన రాయలసీమలో తందాన కథ అన్నారు. బొబ్బిలి కథ, పల్నాటి వీరుల కథ, బాలనాగమ్మ, కాంభోజరాజు, దేసింగురాజు, ఇలాంటి కథలు రాత్రుళ్ళు చెప్పేవాళ్ళు. ద్విపదలు, రగడలు నోటికి వచ్చినవే. కాగితం లేదు. చెప్పినందుకు జొన్నలో, రాగులో, పాత గుడ్డలో పెట్టేవాళ్ళు. విన్నంతసేపు కన్నీళ్ళు పెట్టుకున్న జనమే తెల్లవారాక వాళ్ళను అడుక్కునేవాళ్ళు అనేవాళ్ళు. కథకు ఉన్న గౌరవం కథ చెప్పేవాడికి లేదు. అందువల్ల వాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే ఆ పని వదిలేస్తూ వచ్చారు. సినిమా వచ్చాక వినేవాళ్ళు కూడా తగ్గారు. నాజర్ గారు యువకుడయ్యేనాటికి జంగం కథ ఆ స్థితిలో ఉంది.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. పల్లె జనానికి తమ మాట చేరాలంటే పల్లె కళలే దారి అని కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు గ్రహించారు. డాక్టర్ గరికపాటి రాజారావు గారు దానికి ముఖ్యులు. జంగం కథను, వీధి భాగోతాన్ని, గొల్ల సుద్దులను తీసుకొని కొత్త విషయాలు చెప్పించారు. సుంకర సత్యనారాయణ గారు కొత్త బుర్రకథలు రాశారు. నాజర్ గారు ఆ దళాల్లో చేరి కొద్దికాలంలోనే పేరు మోసిన కథకుడు అయ్యారు. నాటకంలో నేర్చుకున్న నటన, నరసరావుపేటలో నేర్చుకున్న రాగాలు, పుట్టుకతో వచ్చిన గొంతు, మూడూ బుర్రకథలో కలిశాయి. పాత కథకులు ఒకే వరసలో గంటల కొద్దీ పాడేవాళ్ళు. నాజర్ గారు సందర్భాన్ని బట్టి రాగం మార్చారు. వీరం దగ్గర అడుగు వేగం పెంచారు, ఏడుపు దగ్గర తంబుర దించి మాటలోకి వచ్చారు. కళ్ళతో, కనుబొమలతో కూడా కథ చెప్పారు. ఒక్క మనిషే బాలచంద్రుడు అవుతాడు, మాంచాల అవుతాడు, నాగమ్మ కూడా అవుతాడు.

అదే సంవత్సరం బెంగాల్లో కరువు వచ్చింది. సుమారు 30 లక్షల మంది ఆకలితో, రోగాలతో చనిపోయారని లెక్క. ధాన్యం లేక కాదు, ధరలు పెరిగి పేదవాడికి కొనే శక్తి లేక, యుద్ధం పేరుతో ప్రభుత్వం చేసిన తప్పుల వల్ల అంత మంది పోయారని చరిత్రకారులు రాశారు. నాజర్ గారు బెంగాల్ కరువును బుర్రకథగా చెప్పారు. గుంటూరు జిల్లా రైతుకు బెంగాల్ ఎక్కడుందో తెలియదు. కానీ తల్లి ఒడిలో పాలు లేని బిడ్డ అంటే తెలుసు. ప్రజానాట్యమండలి దళాలు ఇలాంటి ప్రదర్శనలు ఇచ్చి కరువు బాధితులకు విరాళాలు పోగుచేశాయి. చిన్నప్పుడు ఆకలి తెలిసిన మనిషి కరువు కథ చెబితే ఎలా ఉంటుందో మేము ఊహించుకోగలము.

ఆయన చెప్పిన కథల్లో అందరికీ గుర్తున్నది అల్లూరి సీతారామరాజు కథ. 1924 మే 7న సీతారామరాజును కాల్చి చంపినప్పుడు నాజర్ గారికి నాలుగేళ్ళు. ఆ కథను సుంకర గారు రాస్తే నాజర్ గారు ఊరూరా చెప్పారు. పాఠ్యపుస్తకంలో సీతారామరాజు రాకముందే మన పల్లెల్లో చదువురాని వాళ్ళకు కూడా ఆయన తెలిశాడంటే అందులో బుర్రకథ పాత్ర పెద్దది. పల్నాటి యుద్ధం కథను నాజర్ గారు స్వయంగా రాసుకొని చెప్పారు. బొబ్బిలి యుద్ధం కూడా ఆయనకు పేరు తెచ్చింది. పల్నాడు ఆయన ఊరికి దూరం కాదు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన చాపకూడు ఘట్టం ఆ కథలోదే. దూదేకుల ఇంట్లో పుట్టిన మనిషి నోట ఆ ఘట్టం విన్నవాళ్ళు అదృష్టవంతులు. మేము మెస్సులో వరుసగా కూర్చున్నప్పుడు మాకు ఇప్పుడు అది గుర్తుకు వస్తుంది.

పాత కళలో రాజకీయం కలిపి దాని స్వచ్ఛతను చెడగొట్టారని ప్రజానాట్యమండలి వాళ్ళను విమర్శించినవాళ్ళు ఉన్నారు. మేము ఈ విషయం మీద చాలాసేపు వాదించుకున్నాము. జంగం కథలో హాస్యపు వంత, రాజకీయపు వంత ఉన్నప్పుడు ఈనాటి మాట చెప్పకూడదని ఎలా అంటారు అని మాలో కొందరు. పార్టీ ప్రచారానికి వాడితే పార్టీతో పాటే కళ కూడా పోతుంది కదా అని ఇంకొందరు. చివరికి మాకు తోచింది ఏమిటంటే, నాజర్ గారు పాత వరసను, తంబురను, అందెలను, వంతలను, తందానను వదలలేదు. వాటిని పెట్టుకొనే కొత్త విషయం చెప్పారు. అలా చెప్పకపోయి ఉంటే ఆ వరస కూడా మనకు దక్కేది కాదేమో.

బుర్రకథ అప్పుడు ఎంత బలంగా ఉండేదో దాన్ని ఆపడానికి ప్రభుత్వం పడ్డ పాట్లు చూస్తే తెలుస్తుంది. 1948 నుంచి మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద గట్టి నిర్బంధం పెట్టింది. ప్రజానాట్యమండలి ప్రదర్శనలు ఆగిపోయాయి. కళాకారులు చెల్లాచెదురయ్యారు. ఒక తంబురకు, రెండు డక్కీలకు పోలీసులు కాపలా కాయడం ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది.

ఇది మన దగ్గరే జరిగింది కాదు. ఉక్రెయిన్ దేశంలో కోబ్జార్లు అనే పాటగాళ్ళు ఉండేవాళ్ళని మా సోషల్ సారు చెప్పారు. కోబ్జా, బండూరా అనే తీగల వాద్యాలు భుజాన వేసుకొని ఊరూరా తిరుగుతూ పాత యుద్ధవీరుల కథలు పాడేవాళ్ళు. వాళ్ళలో చాలామంది గుడ్డివాళ్ళు. మన జంగాల లాగే వాళ్ళకూ గింజలో రొట్టెలో పెట్టేవాళ్ళు. వాళ్ళలో ఓస్తాప్ వెరెసాయ్ అనే గుడ్డి గాయకుడి పాటలను 1873లో మికోలా లిసెంకో అనే సంగీతజ్ఞుడు కూర్చొని స్వరాలతో సహా రాసుకున్నాడు. అందువల్ల ఆ పాటలు మిగిలాయి. తర్వాత 1930లలో సోవియట్ ప్రభుత్వం ఆ పాటగాళ్ళను వేధించింది. బండూరా ఎలా వాయించాలో పుస్తకం రాసిన హ్నాత్ ఖోత్కెవిచ్ గారిని 1938లో కాల్చి చంపారు. ఇక్కడ కమ్యూనిస్టుల పాటను ప్రభుత్వం ఆపింది. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వమే పాటను ఆపింది. ఇది విన్నప్పుడు మేము కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాము.

నాజర్ గారి విషయానికి వస్తే, నిర్బంధం సడలాక ఆయన మళ్ళీ గజ్జె కట్టారు. గరికపాటి రాజారావు గారు 1953లో పుట్టిల్లు అనే సినిమా తీశారు. నటి జమున గారికి, అల్లు రామలింగయ్య గారికి అదే మొదటి సినిమా. అందులో నాజర్ గారు ఉన్నారు. 1954లో వచ్చిన ఎన్.టి.రామారావు గారి అగ్గిరాముడు సినిమాలో ఆయన దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. ఆ తర్వాత నిలువు దోపిడి, పెత్తందార్లు సినిమాల్లో కూడా ఆయన కనిపిస్తారు. వీలున్నవాళ్ళు అగ్గిరాముడు ఒకసారి చూడండి. కథ కోసం కాదు, ఆ బుర్రకథ కోసం. మాకు ఆయనను చూసే భాగ్యం అలాగే కలిగింది. నలుపు తెలుపు బొమ్మలో కూడా ఆ అడుగుల వేగం తెలుస్తుంది.

సినిమాల్లో స్థిరపడి మద్రాసులో ఉండిపోయిన ప్రజానాట్యమండలి కళాకారులు చాలామంది ఉన్నారు. నాజర్ గారు మాత్రం బుర్రకథనే పట్టుకొని ఉన్నారు. ఎంతోమందికి నేర్పారు. ఆయన అడుగులు, ఆయన వరస చూసి రాష్ట్రమంతా దళాలు తయారయ్యాయి. ఆడపిల్లలు వేదిక ఎక్కితే తప్పుగా చూసే ఆ కాలంలోనే మోటూరి ఉదయం గారి వంటివాళ్ళు మహిళా బుర్రకథ దళం నడిపారు. తర్వాత తర్వాత ప్రభుత్వం వాళ్ళే కుటుంబ నియంత్రణ గురించి, అక్షరాస్యత గురించి, ఎయిడ్స్ గురించి చెప్పడానికి బుర్రకథ దళాలను పిలిపించుకున్నారు. ఒకప్పుడు పోలీసులను పెట్టి ఆపిన తంబురను తర్వాత మైకు పెట్టి పిలిచారన్నమాట.

1981లో రాష్ట్ర ప్రభుత్వం ఆయనను ఉత్తమ కళాకారుడిగా సత్కరించింది. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. జనం ఆయనను బుర్రకథ పితామహుడు అన్నారు. ఇంత పేరు వచ్చినా ఆయన ఆస్తులు కూడబెట్టలేదు. పేదగా పుట్టి పేదగానే జీవించారు. తన బతుకంతా అంగడాల వెంకట రమణమూర్తి గారికి చెబితే ఆయన పుస్తకంగా రాశారు. దానికే పింజారి అని పేరు. పద్మశ్రీ నాజర్ అని పెట్టుకోవచ్చు, బుర్రకథ పితామహుడు అని పెట్టుకోవచ్చు. ఎవరో విసిరిన మాటను ఏరుకొని తన పేరుగా పెట్టుకున్నారు. నాజర్ గారు 1997 ఫిబ్రవరి 22న కన్నుమూశారు.

ఆయన పోయిన ఏడాదే, 1997లో మన కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడ జానపద విజ్ఞానానికి ఒక శాఖ కూడా ఉంది. పల్లె పాటను చదువుగా చదివేవాళ్ళు మన పక్కనే ఉన్నారన్నమాట. మాలో డిగ్రీ దాకా పోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుందని సారు అన్నారు.

ఈ వ్యాసం కోసం వివరాలు పోగుచేస్తున్నప్పుడే ఒక విషయం బయటపడింది. మాలో ఒకడి తాత తందాన కథ చెప్పేవాడట. మూడేళ్ళుగా మాతో కలిసి తింటూ, పడుకుంటూ వాడు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తాత పనేమిటని అడిగితే సేద్యం అనేవాడు. నాజర్ గారి గురించి అందరం కూర్చొని చదువుకున్న రాత్రి వాడే చెప్పాడు. వార్షికోత్సవానికి రికార్డు డాన్సులు ఒప్పుకున్నాము, అవి ఉంటాయి. దానితో పాటు ఒక ఆదివారం వార్డెన్ సారు అనుమతితో ఆ తాతను హాస్టల్‌కు పిలిపించుకున్నాము.

ఆయనకు ఎనభై దాటాయి. తంబురకు ఒక తీగ లేదు. గుమ్మెట చర్మం వదులైతే ఎండుటాకులు మంట వేయించి కాచుకున్నారు. వంత పాడే ఇద్దరూ చనిపోయారట, అందుకని మా వాడినే పక్కన నిలబెట్టుకున్నారు. వాడికి వరస మొత్తం వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నాడో మాకు తెలియదు. దేసింగురాజు కథ ఎత్తుకొని గుర్రాన్ని లొంగదీసే చోటుదాకా చెప్పారు. ఆ కథ పూర్తిగా చెప్పాలంటే మూడు రాత్రులు పడుతుందట. తొమ్మిదో తరగతి వాళ్ళు రెండు నోటుపుస్తకాల్లో వంతులవారీగా రాసుకున్నారు. ఆయన వేగానికి చాలా చోట్ల అందుకోలేక ఖాళీలు వదిలారు. పరీక్షలు అయ్యాక మిగిలిన రెండు రాత్రుల కథ చెబుతానని, అప్పుడు ఆ ఖాళీలు కూడా పూరిస్తానని తాత మాట ఇచ్చారు. తంబుర తీగకు మేమంతా తలా రెండు రూపాయలు వేసుకున్నాము. మదనపల్లెలో దొరుకుతుందేమో వచ్చే సంత రోజు పోయి చూడాలి.